ఎవరి పాలు?

కాన్పు చెయ్యడం నేర్పడానికి పుస్తకాలున్నాయి, ప్రొఫెసర్లున్నారు, తిట్టి నేర్పే నర్సులున్నారు. కాన్పయిన నెలన్నరకు బిడ్డను చంకనేసుకుని, అత్తను వెంటబెట్టుకుని టీకాకు వచ్చిన ఆడమనిషితో ఏం మాట్లాడాలో నేర్పేవాళ్ళు లేరు. ప్రసూతి డాక్టరు అసలు ఉద్యోగం అక్కడ మొదలవుతుంది. ఆ బిడ్డ తల్లిపాలు తాగి పెరగాలి. ఆ తల్లి అంతలోనే మళ్ళీ నీళ్ళోసుకోకూడదు. ఒకదానికోసం రెండోదాన్ని చెడగొట్టకుండా చూడాలి. దీనికే నా సర్వీసంతా పట్టింది.

కడప వైపు కొన్నేళ్ళు, కర్నూలు వైపు తక్కిన ఏళ్ళు చేశాను. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఎవరు ఏ ఫైలు తొక్కిపెట్టారో రాయను. ఆ ఏడుపు రాసేవాళ్ళు వేరే ఉన్నారు. నేను గెలిచిన సంగతి రాస్తాను. ఈమె గొప్పలు పోతోందని మీకనిపిస్తే అనిపించనీయండి. రిటైరయ్యాక కూడా గొప్పలు పోకపోతే ఇంకెప్పుడు పోతాను?

పూటకు గలాసుడు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను మంగంపేట వైపు ఒక ఆసుపత్రిలో వేశారు. ముగ్గురాయి గనుల్లో పనిచేసేవాళ్ళు, రాళ్ళు ఏరే ఆడవాళ్ళు అక్కడికి వచ్చేవాళ్ళు. కనుబొమల మీద కూడా దుమ్ము ఉండేది. అక్కడ నా పై అధికారి ఒక పెద్ద మేడమ్. ఆమె గొంతు వింటే నొప్పులు రానివాళ్ళకు కూడా వచ్చేవని వార్డులో చెప్పుకునేవాళ్ళు. అబద్ధం కాదు, నేను చూశాను.

ఒకరోజు గనిలో పనిచేసే ఒకతని భార్య రెండు నెలల బిడ్డతో వచ్చింది. మేడమ్ అడిగింది, "పాలిస్తున్నావా?"

"ఇస్తాండా మేడమ్మా."

"ముట్టు వచ్చిందా?"

"ల్యా."

"అయితే బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా నీకేం భయంలేదు. అప్పుడు రా, మాత్రో సూదో చూద్దాం."

ఆ నియమం తప్పు కాదు. బిడ్డకు ఆరు నెలలు నిండనప్పుడు, ముట్టు ఇంకా మొదలు కానప్పుడు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప వేరే ఏమీ పట్టనప్పుడు, గర్భం రావడం చాలా అరుదు. మూడూ ఉండాలి. ఒకటి తప్పినా లెక్క తప్పుతుంది. ఆ అమ్మాయి ఆరు నెలలకు చెప్పినట్టే వచ్చింది. ఒళ్ళు బరువుగా ఉందని చెప్పింది. మేడమ్ ఆమె పొట్ట మీద చెయ్యి వేసి చూసి, గది అదిరిపోయేలా అరిచింది. "పాలిస్తున్నానని చెప్పావు కదే?"

ఆ అమ్మాయి బెదరలేదు. "ఇచ్చినా కదా మేడమ్మా, పూటకు గలాసుడు. నేను రాళ్ళేరను పోతే మా యత్త తాపుతాది. దానికోసరమే బర్రె కొనింది."

ముట్టు ఒక్కసారీ కనబడకుండానే మళ్ళీ కడుపొచ్చింది ఆమెకు. ముట్టు రాకముందే గర్భం రావచ్చని మన పల్లెల్లో ఇప్పటికీ సగం మంది నమ్మరు. మేడమ్ నా వైపు తిరిగి, "దానిది తప్పు కాదు. పాలిస్తున్నావా అని అడిగాను, ఇస్తున్నానంది. ఎవరి పాలని నేనే అడగలా," అంది. ఆ మర్నాటి నుంచి మా వార్డులో ప్రశ్న మారింది. బిడ్డను చూడగానే, "ఎవరి పాలు?" అని అడిగేవాళ్ళం. కొత్తగా వచ్చినవాళ్ళు వింతగా చూసేవాళ్ళు, కొందరు నవ్వేవాళ్ళు, కానీ జవాబు మాత్రం సరైనది వచ్చేది.

ఆ మేడమ్‌కు కోపం ఎక్కువ. ట్రేలు విసిరేది. నన్ను అందరి ముందూ తిట్టింది, నేనూ ఎదురు చెప్పాను, మాకు పడేది కాదు. అయినా చెబుతున్నాను, తన ప్రశ్నను తానే దిద్దుకున్న పెద్దలను నా సర్వీసులో మళ్ళీ చూడలేదు. మీ పై అధికారి మంచివాడా చెడ్డవాడా అని వెతక్కండి. తప్పు తేలిన మర్నాడు అతను ఏం చేస్తాడో చూడండి.

సుంకులమ్మ అడ్డం కూర్చుంది

తరువాత చాలా ఏళ్ళకు నేను పడమటి కర్నూలు వైపు ఒక పెద్దాసుపత్రిలో ఉన్నాను. అక్కడే నాగేశ్వరికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశాను. అది ఆమెకు రెండో కాన్పు, రెండో కోత. మొదటి బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే పోయింది. చన్ను తాగే బిడ్డ లేక, ఏ అడ్డూ లేక, కొద్ది నెలలకే మళ్ళీ కడుపొచ్చింది. పాత కోత సరిగా మానకముందే గర్భసంచి మళ్ళీ సాగింది. పొట్ట తెరిచి చూస్తే ఆ కోత చోట గోడ ఉల్లిపొరలా ఉంది, లోపలి బిడ్డ వెంట్రుకలు కనబడుతున్నాయి.

కుట్లు వేసేటప్పుడే నాకు తెలుసు. ఈ పిల్ల వెంటనే మళ్ళీ గర్భవతి అయితే ఆ గోడ చిట్లిపోతుంది. ఊరినుంచి ఆసుపత్రికి చేరేలోగా తల్లి మిగలదు. ఇంకోపక్క పుట్టిన పాప బక్కది, తల్లిపాలు తప్ప దానికి వేరే దారి లేదు. తల్లి ప్రాణం, పాప పాలు, రెండూ ఎవరో నా చేతిలో పెట్టి వెళ్ళినట్టు అనిపించింది.

నెలన్నర టీకాకు నాగేశ్వరి వచ్చింది. వెనకే అత్త సుంకులమ్మ, ఆమె వెనక కొడుకు మద్దిలేటి. మద్దిలేటి ఎండిన కందికట్టెలా ఉంటాడు, మాట కూడా అంతే పొదుపు. సుంకులమ్మ అట్లా కాదు. ఆమె పిలవకుండానే లోపలికి వచ్చి కోడలికీ నాకూ మధ్యన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఎవరి పాలు?" అని అడిగాను.

"ఎవరి పాలేంది? దాని తల్లివే. ఇంగెవురిస్తారు?" అంది సుంకులమ్మ.

మంచిదే. కోత సంగతి, కాన్పుల మధ్య ఎడం సంగతి చెప్పాను. వాళ్ళు ఇంకో పదిహేను రోజుల్లో సుగ్గికి పోతారు. సుగ్గి అంటే ఆ ఊళ్ళవాళ్ళకు పంట మీద కూలికి పోవడం. ఇళ్ళకు తాళాలేసి, పిల్లాజెల్లాతో లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యను పోతారు. మళ్ళీ ఉగాది ముందర గాని రారు. కూలి మధ్యన ఆ పాల నియమం ఏ రోజు తప్పుతుందో, దాని మీదే వదలలేను. పొలం గట్టున గుడారాల్లో బతికే మనిషికి రోజూ ఒకే వేళకు మింగే మాత్ర ఇస్తే ఎన్నాళ్ళు మింగుతుంది? కాపర్ టీ అన్నాను. కోసిన చోట తీగ పెట్టేది ల్యా అంది సుంకులమ్మ. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఊసే ఎత్తలేదు, ఉన్నది ఒక్క పాప. మిగిలింది మూడు నెలలకోసారి వేసే సూది. పాలిచ్చే తల్లికి నెలన్నర దాటితే ఇవ్వచ్చు. నాగేశ్వరి తల ఊపింది. చెయ్యి కూడా చాపింది.

సుంకులమ్మ ఆ చెయ్యిని పట్టి కిందికి దించింది. "వద్దు మేడమ్మా. ఆసుపత్రి మందు ఒంట్లోకి పోతే పాలు ఇగిరిపోతాయి. బిడ్డ ఎండిపోతాది."

"ఇగిరిపోవు సుంకులమ్మా."

"నీకు తెల్దు."

నాకు తెలియదట. ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళ చదువూ సర్వీసూ నాలుక చివరికి వచ్చాయి. మింగేశాను. వాళ్ళు రేపు వస్తామని లేచి వెళ్ళారు. నా గది బయట ఇదంతా విన్న మా సూపరింటెండెంటు లోపలికి వచ్చాడు. నెమ్మదస్తుడు, గొడవంటే గిట్టదు. "ఎందుకు మేడమ్ పాలిచ్చేవాళ్ళకు హార్మోన్ సూదులు? ఒక కండోమ్ పాకెట్టు చేతిలో పెట్టి పంపెయ్యండి. మీ సూది గెలిస్తే ఎవరికీ తెలీదు. ఆ పాప బరువు తగ్గితే మాత్రం ఆ పెద్దామె మన గేటు ముందర కూర్చుంటుంది," అన్నాడు.

ఒక గుడారంలో పదిమంది పడుకునేచోట ఆ పాకెట్టు ఎవరు ఎప్పుడు విప్పుతారో ఆయన్నే వెళ్ళి చూసి రమ్మన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. ఇట్లాంటి జాగ్రత్త మీకు చాలామంది నేర్పుతారు. అది తల్లి కోసం పడే జాగ్రత్త కాదు, మన కుర్చీ కోసం పడే జాగ్రత్త. నేర్చుకోకండి.

మాత్ర ఏ రంగు?

మర్నాడు వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి నేను సూది ఊసెత్తలేదు. సుంకులమ్మకు టీ తెప్పించి, "పాలు ఇగిరిపోతాయని నీకెట్లా తెలుసు?" అని అడిగాను.

"కండ్లారా చూసినా. ఒకతూరి కాదు, రెండుతూర్లు."

ఒకటి నాగేశ్వరి మొదటి బిడ్డ పోయినప్పుడు. రొమ్ములు గడ్డకట్టి కోడలు అల్లాడుతుంటే ఆసుపత్రిలో మాత్రలిచ్చారు, పాలు ఆగిపోయాయి. అది ఆపడానికే ఇచ్చిన మందు. ఆ మాట ఆమెకు ఎవరూ విప్పి చెప్పలేదు. పాలున్న మనిషి మాత్ర మింగడం, పాలు పోవడం మాత్రమే ఆమె చూసింది.

"రెండోది?"

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "రెండోది నాదే. వీడు, ఈ మద్దిలేటి, రెండు నెల్ల బిడ్డ. ఇంగ కాన్పులు ఎడంగా ఉండల్లని ఊరికొచ్చినామె మాత్రలిచ్చె. నాకు పాలు ధారగా ఉన్నింది అప్పుడు. మాత్రలు మింగతా వస్తే నెలకంతా తగ్గిపాయె. వీడు రొమ్ము పట్టుకోని లాగి లాగి ఏడుస్తాండె. మాయత్త ఏమనిందో తెల్సునా? కన్నబిడ్డకు పాలెగ్గొట్టే పాపిష్టిదానివని అనె. కూలికి పోవల్లని నేనే పాలు సంపుకున్నానంట."

మద్దిలేటి గుమ్మం దగ్గర నిలబడి నేలకేసి చూస్తున్నాడు. ఇదంతా అతను కొత్తగా వింటున్నట్టు నాకనిపించింది.

"ఆ మాత్రలు ఏ రంగువి?" అన్నాను.

"తెల్లవి."

"అన్నీ తెల్లవేనా? అట్ట చివర వేరే రంగువి ఉన్నాయా?"

ఆమె ఆలోచించింది. "ఉన్నె. చివర ఇటికరంగువి. అవి నేను మింగల్యా, గాదె కిందికి పారేస్తి."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. అవి మామూలు గర్భనిరోధక మాత్రలు. చివరి ఇటికరంగువి ఉత్త ఇనుము బిళ్ళలు. ఆ తెల్లమాత్రలో రెండు హార్మోన్లు కలిసి ఉంటాయి. అందులో ఒకటి పాలను తగ్గించగలదు. అందుకే బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా పాలిచ్చే తల్లికి దాన్ని ఇవ్వకూడదు. ఇచ్చినామెకు తెలియదో, ఆ రోజు సంచిలో అవే ఉన్నాయో, ఇప్పుడు ఎవరికి తెలుసు. ఈమె చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. ఆమె భయం మూఢనమ్మకం కాదు, ఆమె ఒంటి మీద జరిగిన సంగతి.

"సుంకులమ్మా, నువ్వు చెప్పింది నిజమే," అన్నాను.

ఆమె నన్ను అనుమానంగా చూసింది. నేను ఆటపట్టిస్తున్నాననుకుంది.

"నిజమే. నీ పాలు తగ్గింది ఆ మాత్ర వల్లనే అయ్యుంటుంది. ఆ మాత్రలో రెండు మందులుంటాయి. ఒకటి పాలకు పడదు. నువ్వు పాలెగ్గొట్టలేదు. నీకు ఇవ్వకూడని మాత్ర ఇచ్చారు. ఈ సూదిలో ఆ పాలకు పడని మందు లేదు. రెండోది ఒక్కటే ఉంది, అది పాల జోలికి పోదు."

ఆసుపత్రిలో ఒక డాక్టరు తనతో నువ్వు చెప్పింది నిజమే అనడం ఆమె ఎన్నడూ విని ఉండదు. తరువాత వరసగా ప్రశ్నలు మొదలుపెట్టింది. నేను దాచకుండా చెప్పాను. మొదట్లో నడుమ నడుమ ఎరుపు కనబడవచ్చు. పోనుపోను ముట్టు ఆగిపోవచ్చు. ఆగితే చెడు రక్తం లోపల పేరుకుంటుందని భయపడకండి, పేరుకోవడానికి అక్కడ ఏమీ తయారుకాదు. మానేశాక మళ్ళీ కడుపు రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు, కానీ వస్తుంది. ఇవి ముందే చెప్పకుండా సూది వేసి పంపితే మొదటి ఎరుపు మరకకే ఊరంతా గోలవుతుంది, రెండో సూదికి ఒక్కరూ రారు. నేను అదీ చూశాను.

"పాలు తగ్గితే?" అంది చివరకు.

"తూకం ఉంది కదా. సుగ్గికి పొయ్యేలోపల మళ్ళీ రా, పాపను తూకం వేస్తాను. తగ్గితే నా గేటు ముందర కూర్చో."

"కూర్చుంటా. నాకేం భయమా?" అంది. తరువాత కోడలి వైపు తిరిగి, "చెయ్యి ఈడ పెట్టు," అంది.

సుగ్గి నెలలు

పోయేలోపల ఒకసారి తీసుకొచ్చింది. పాప బరువు పెరిగింది. సుంకులమ్మ తూకం ముల్లును వంగి ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూసింది. పల్లీల వ్యాపారిని చూసినట్టు నన్నూ చూసింది. మరుసటి వారం లారీ ఎక్కి వెళ్ళిపోయారు. మూడు నెలలు నిండాక రెండో సూది పడాలి, గుంటూరు వైపు ఏ సర్కారు ఆసుపత్రిలోనైనా వేస్తారని చీటీ రాసిచ్చాను. మద్దిలేటి దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు చొక్కా ఎన్నిసార్లు ఉతుకుతారో అని నాకు దిగులు పట్టింది.

రెండుసార్లు ఫోన్ చేశాను, పలకలేదు. గుడారంలో ఛార్జింగ్ యాడ పెట్టుకుంటారు? సూపరింటెండెంటు కనబడినప్పుడల్లా, "మీ సుగ్గి పాప ఎట్లా ఉంది మేడమ్?" అనేవాడు. బాగుందని ధీమాగా చెప్పేదాన్ని. ఇంటికి పోయి మాత్రం అన్నం ముందు కూర్చుని ఆ ఉల్లిపొర లాంటి గోడే తలచుకునేదాన్ని. రెండో సూది వేయించకపోతే? పాలు తగ్గాయని డబ్బాపాలు పట్టి, పాపకు విరేచనాలు పట్టుకుంటే? డాక్టరుకు ధైర్యం ఉంటుందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. ఉన్నట్టు నడవడం వస్తుంది, అంతే.

కోత సంగతి ముందే చెప్పేస్తాను, మీరూ నాలా అన్నం మానెయ్యకుండా. పాపకు మూడేళ్ళు వచ్చాక నాగేశ్వరి తనకు తానే సూది మానుకుని, ఇంకో బిడ్డ కావల్లని వచ్చి చెప్పింది. ఆ కాన్పుకు పొట్ట తెరిచింది నేనే. గోడ గట్టిగా, దళసరిగా, కొత్త దుప్పటిలా ఉంది. థియేటర్లో నేను పైకే నవ్వాను. మత్తు డాక్టరు ఏమైందని అడిగాడు. గెలిచామని చెప్పాను.

అయినా నాకు ఎక్కువ గుర్తున్నది ఆ రోజు కాదు. వాళ్ళు సుగ్గి నుంచి తిరిగొచ్చిన మధ్యాహ్నం.

తూకం

ఉగాదికి కొద్ది రోజుల ముందు, ఓపీ అయిపోయి చేతులు కడుక్కుంటున్నాను. వరండాలో పెద్ద గొంతు వినబడింది. "డాక్టరమ్మ యాడ? తూకం యాడ పెట్టినారు?" లారీ దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చారు. మూటలు గేటు దగ్గరే ఉన్నాయి. ఒళ్ళంతా మిరప ఘాటు. నర్సు వరసగా తుమ్మింది, నేనూ తుమ్మాను.

సుంకులమ్మ చంకలో పాప. గుండ్రటి బుగ్గలు, మణికట్టు దగ్గర కండ మడతలు. నేను అలవాటుగానే అడిగాను. "ఎవరి పాలు?"

"దాని తల్లివే మేడమ్మా. గుడారంలో బర్రె యాడుండాది?" అంది సుంకులమ్మ. "చుక్క నీళ్ళు గూడ తాపల్యా. రెండో సూదికి నేనే పిల్చుకోని పోయినా. మేస్త్రీ కాయ కొయ్యల్ల, పోవద్దన్యాడు. నీ కాయ రేపు గూడ ఉంటాది, మా సూది ఉండదని చెప్పి వచ్చేస్తి."

నాగేశ్వరి వెనక నిలబడి నవ్వుతోంది. ముఖం ఎండకు నల్లబడింది, మనిషి నిబ్బరంగా ఉంది. పరీక్ష చేశాను. కడుపు లేదు.

పాపను తూకంలో పడుకోబెట్టాం. కాళ్ళాడిస్తుంటే ముల్లు నిలవలేదు. సుంకులమ్మ పాప పాదం మీద వేలు పెట్టి ఊరుకోబెట్టింది, ముల్లు ఆగింది. పుట్టినప్పటి బరువుకు రెట్టింపు దాటి చాలా ముందుకు పోయింది. సూపరింటెండెంటు ఎప్పుడు వచ్చాడో, నా భుజం మీదుగా వంగి చూసి, పాప బుగ్గ తాకి వెళ్ళిపోయాడు. తరువాతి నెలనుంచి పాలిచ్చే తల్లులను ఆయనే నా గదికి పంపడం మొదలుపెట్టాడు.

సుంకులమ్మ ముల్లు చూసింది. వంగి ఒకసారి, పక్కనుంచి ఒకసారి. తరువాత గుమ్మం దగ్గర నిలబడ్డ కొడుకు దగ్గరికి పోయి, ఆ ఎండు చెయ్యి పట్టుకుని తూకం దగ్గరికి లాక్కొచ్చింది.

"సూడ్రా మద్దిలేటీ. ఆ మాత్ర ల్యాకుంటే నువ్వూ ఇట్లనే ఉండేవానివి. నిన్ను ఎండబెట్టింది నేను కాదు."

"నేనెప్పుడన్నా అట్ల అంటినా మా?" అన్నాడు మద్దిలేటి.

"నువ్వు అనల్యా నాయనా. మీ జేజి, మాయత్త, అనె. సచ్చేదాకా అనె. నేనూ అవునేమో అనుకుంటి."

అని తూకంలోంచి పాపను ఎత్తి అతని చేతుల్లో పెట్టి, తను కొంగు నడుముకు చుట్టుకుని, మూటల దగ్గరికి నడిచింది.